సుగ్గికి (కోత పనుల వలసకు) వెళ్లిన పిల్లల చదువు, ఆరోగ్య రికార్డులు: ఎవరు రాయాలి, ఎవరికి పంపాలి

(విజయవాడలో ఉపాధ్యాయులు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పశ్చిమ కర్నూలు మండలాల నుంచి వచ్చిన ప్రధానోపాధ్యాయులు ఒకవైపు, గుంటూరు, పల్నాడు జిల్లాల ఉపాధ్యాయులు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తలు మరొకవైపు కూర్చుని ఉన్నారు. ఒకే పిల్లవాడిని మీలో కొందరు జూన్ నుంచి దీపావళి దాకా చూస్తారు, మరికొందరు సంక్రాంతి నుంచి ఉగాది దాకా చూస్తారు. అయినా ఆ పిల్లవాడి గురించి మీరిద్దరూ మాట్లాడుకునే ఏర్పాటు ఇప్పటిదాకా లేదు. ఆ ఏర్పాటు ఎలా ఉండాలన్నదే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది.

ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో వానాధారపు పంట ఇంటికి రాగానే, లేదా రాదని తేలిపోగానే, కుటుంబాలు సుగ్గికి బయలుదేరతాయి. ముందు పత్తి తీయడానికి, తర్వాత మిరపకాయల కోతకు గుంటూరు వైపు వస్తాయి. కూలీలను కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, వాహనం పెడతాడు. మూటలు, వంట సామాను, మేకపిల్ల ఉంటే అదీ, పిల్లలూ అందులోనే. కోత కూలీ చాలాచోట్ల కాయల తూకం మీద ఉంటుంది కనుక ఇంట్లో ఎన్ని చేతులు ఉంటే అంత మేలు అన్న లెక్క నడుస్తుంది. పదేళ్ల ఆడపిల్ల చేలోకి దిగకపోయినా, చంటిబిడ్డను చూసుకోవడానికి డేరా దగ్గర ఉండాలి. మార్చి చివరికో, ఏప్రిల్‌లోనో తిరిగి వెళ్లేసరికి సొంత ఊరి బడిలో ఏడాది చివరి పరీక్షలు దగ్గర పడి ఉంటాయి.

దీనికి జవాబుగా సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. తల్లిదండ్రులు వలస పోయిన నెలల్లో పిల్లలను సొంత ఊళ్లోనే ఉంచి చదివించే ఆ ఏర్పాటు మంచిది, దాన్ని ఇంకా పెంచాలి. కానీ రెండేళ్ల బిడ్డను హాస్టల్లో ఉంచలేరు, ఆ బిడ్డను చూసుకునే అక్కనూ ఉంచరు. తాత, అవ్వ లేని ఇళ్లలో మగపిల్లవాడినీ వెంట తీసుకువస్తారు. అందువల్ల ఎన్ని హాస్టళ్లు తెరిచినా కొందరు పిల్లలు మిరప చేల పక్కకు రాక తప్పదు. నేను మాట్లాడేది వాళ్ల గురించి.

ఈ పిల్లల తల్లి వెంట ఏ కాగితాలు వస్తాయో మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. ఉపాధ్యాయురాలిగా పనిచేసిన కాలంలో ప్రత్తిపాడు వైపు డేరాల దగ్గర కూర్చుని చాలామంది తల్లుల సంచులు తెరిపించి చూశాను. బియ్యం కార్డు జిరాక్సు ఉంటుంది. పెద్దవాళ్ల ఆధార్ కార్డులు ఉంటాయి. బ్యాంకు పాస్‌బుక్ ఉంటుంది. ఇవన్నీ చీరల దుకాణం వాళ్లిచ్చే ప్లాస్టిక్ కవర్లో మడిచి, బియ్యం మూట అడుగున పెట్టుకుంటారు. తల్లీబిడ్డల రక్షణ కార్డు ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఊళ్లో గూట్లో ఉండిపోతుంది. ఉన్న కార్డుల్లోనూ, టీకాల పేజీ మడత దగ్గర చిరిగి, బాల్‌పెన్ సిరా తడికి అలుక్కుపోయి, టీకా వేశారన్న గుర్తు కనిపిస్తుంది గానీ ఏ తేదీన వేశారో కనిపించదు. బడికి సంబంధించిన కాగితం మాత్రం ఏ సంచిలోనూ నాకు కనపడలేదు. బడి నుంచి కాగితం తీసుకుని వెళ్లాలని ఆ తల్లికి చెప్పినవాళ్లు లేరు.

చట్టం ఈ విషయంలో వెనకబడి లేదు. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం పిల్లవాడు బడి మారదలచుకుంటే ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, నిరాకరించకూడదు. 9వ సెక్షన్ వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యతను స్థానిక సంస్థ మీద పెట్టింది. 14వ సెక్షన్ ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండే వీలు లేదు. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018లో సుప్రీంకోర్టు ఆధార్ తీర్పులో చెప్పింది. కాబట్టి గుంటూరు జిల్లా బడికి ఫిబ్రవరిలో ఒక పిల్లవాడు ఏ కాగితమూ లేకుండా వచ్చి నిలబడినా చేర్చుకోవలసిందే. చాలామంది ఉపాధ్యాయులు చేర్చుకుంటారు కూడా. చేర్చుకున్నాక ఏ బెంచీలో కూర్చోబెట్టాలి, ఏ పాఠం నుంచి మొదలుపెట్టాలి అన్నది తెలియదు. వాడి ఎత్తు చూసి తరగతి నిర్ణయిస్తారు. వాడు రెండు నెలలు మౌనంగా కూర్చుని వెళ్లిపోతాడు.

మరి కర్నూలు వైపు బడి ఎందుకు సమాచారం పంపదు? అక్కడి ప్రధానోపాధ్యాయుల తరఫున ఒక మాట నిర్మొహమాటంగా చెబుతాను, ఎందుకంటే వాళ్లంతట వాళ్లు సభల్లో ఇది చెప్పుకోలేరు. బడిలో ఉపాధ్యాయ పోస్టులు పిల్లల సంఖ్య మీద ఆధారపడి ఉన్నాయి. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు, 60 దాటితే ముగ్గురు అన్నది విద్యాహక్కు చట్టం పెట్టిన లెక్క. దాని మీదనే రేషనలైజేషన్లు, సర్దుబాట్లు నడుస్తాయి. 64 మంది ఉన్న బడిలో ఏడుగురు సుగ్గికి వెళ్తే, వాళ్లకు టీసీలు రాసి బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో, బడి విడిచిన పిల్లల పేర్లు ఉంచే డ్రాప్‌బాక్స్‌లోకి పంపితే, ఆ బడి ఒక పోస్టు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఏప్రిల్‌లో ఆ ఏడుగురూ తిరిగి వస్తారు, పోయిన పోస్టు అంత తేలిగ్గా తిరిగి రాదు. అందుకని పేర్లు రోలులోనే, అంటే బడి పేర్ల పట్టీలోనే, ఉంటాయి. హాజరు సంగతి సరేసరి. తల్లిదండ్రుల వైపు నుంచి చూసినా అంతే. అమ్మ ఒడి పథకంలో 75 శాతం హాజరు నిబంధన పెట్టినప్పటి నుంచి, ఊరి బడిలో పేరు తీసేస్తే డబ్బు పోతుందన్న భయం వాళ్లలో స్థిరపడిపోయింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పిల్లవాడు ఒకే బడికి చెందాలి, వెళ్తే శాశ్వతంగా వెళ్లాలి అన్న ఊహ మీద కట్టిన లెక్కల విధానం, ఏటా వెళ్లి ఏటా వచ్చే పిల్లవాడిని పట్టుకోలేకపోతోంది.

నంబర్లు లేక కాదు ఈ ఇబ్బంది. పిల్లవాడికి యూడైస్ ప్లస్‌లో పెన్ అనే శాశ్వత విద్యా సంఖ్య ఉంది. ఇప్పుడు 12 అంకెల అపార్ అనే విద్యార్థి గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. ఆరోగ్యానికి ఆభా అనే 14 అంకెల సంఖ్య ఉంది. అంగన్‌వాడీలో 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ ఉంది, టీకాల నమోదుకు యూవిన్ ఉంది. కోసిగి వైపు బడిలో ఈరన్న అని రాసిన పేరు ఆధార్‌లో వీరన్న అయి, పుట్టిన తేదీ ఒకదానిలో జనవరి 1గా, ఇంకొకదానిలో బడిలో చేరినప్పుడు వేసిన తేదీగా ఉంటే, అవతలి బడి ఎంత వెతికినా ఆ పిల్లవాడు దొరకడు, కొత్త పేరుగా ఎక్కుతాడు. ఓటీపీ వెళ్లే ఫోను ఒక్కోసారి మేస్త్రీది, ఒక్కోసారి ఎప్పుడో రీచార్జి ఆగిపోయిన సిమ్ముది. బియ్యం మాత్రం ఈ కుటుంబం ఎక్కడికి వెళ్తే అక్కడ దొరుకుతోంది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య రేషన్ పోర్టబిలిటీ మొదలైన నాటి నుంచి రాష్ట్రం దాటినా కార్డు పనిచేస్తోంది. కుటుంబం కదులుతుందని ఒప్పుకుని కట్టిన వ్యవస్థ అది. బడి, ఆసుపత్రి ఆ విషయాన్ని ఇంకా ఒప్పుకోలేదు.

ఆరోగ్యం దగ్గరికి వస్తాను. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదిలో రెండుసార్లు, బడికి ఒకసారి వెళ్లి పిల్లలను పరీక్షించాలి. ఆ బృందం ఆదోని వైపు పల్లె బడికి డిసెంబరులో వెళ్లిందనుకోండి, ఈ పిల్లవాడు అక్కడ లేడు. ప్రత్తిపాడు వైపు బడికి జనవరిలో వెళ్లిందనుకోండి, ఇక్కడ రోలులో లేడు. ఇద్దరి రిజిస్టర్లూ తప్పు లేకుండా ఉంటాయి, పిల్లవాడిని మాత్రం ఎవరూ చూడరు. ఫిబ్రవరి 10న దేశమంతా నులిపురుగుల మాత్ర వేసే రోజు, మిరప కోత ముమ్మరంగా సాగే రోజు. వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర కూడా బడిలోనో, అంగన్‌వాడీలోనో ఉన్నవాళ్లకే అందుతుంది. తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. డీపీటీ మొదటి బూస్టర్ కూడా ఆ రెండోదానితో పాటే. అక్టోబరులో 14 నెలల బిడ్డతో బయలుదేరిన తల్లి ఏప్రిల్‌లో తిరిగి వెళ్లేసరికి బిడ్డకు 20 నెలలు. ఆ మధ్య కాలమంతా డేరాలోనే గడిచిపోతుంది.

టీకా విషయంలో ఏఎన్ఎంలకు కొంత వెసులుబాటు ఉంది. రుజువు లేకపోతే తట్టు టీకా మళ్లీ వేసినా బిడ్డకు హాని లేదు. అసలు ప్రమాదం అక్కడ కాదు. మూర్ఛకు రోజూ మందు వేసుకునే పిల్లవాడు, గుండెలో రంధ్రం ఉందని పెద్దాసుపత్రికి రాసిచ్చిన పిల్ల, సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్న బిడ్డ, వీళ్ల విషయంలో కాగితం లేకపోవడం ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మందు సొంత ఊరి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) నెల రోజులకు ఇస్తారు. అది డిసెంబరులో అయిపోతుంది. మందు పేరు తల్లికి తెలియదు, తెల్లమాత్ర అని చెబుతుంది. తెల్లమాత్ర అన్న ఆనవాలుతో ఏ డాక్టరూ మూర్ఛ మందు రాయలేరు, రాయకూడదు కూడా. మందు హఠాత్తుగా ఆగితే మూర్ఛలు ముందుకంటే ఎక్కువగా రావచ్చు. గుండె జబ్బు ఉన్న పిల్లకు పరీక్షల తేదీ జనవరిలో పడితే, ఆ తేదీ గుంటూరు పెద్దాసుపత్రికి మార్చేవాళ్లు ఉండరు. రాలేదు అని రాసి కేసు పక్కన పెడతారు. క్షయ విషయంలో ఈ సమస్యను మన దేశం చాలావరకు పరిష్కరించుకుంది. 2012లో వచ్చిన నిక్షయ్ అనే క్షయ రోగుల ఆన్‌లైన్ నమోదులో ఒక జిల్లా రోగిని ఇంకో జిల్లాకు బదిలీ చేసే వీలుంది, మందు అక్కడ కొనసాగుతుంది. క్షయకు చేసినట్టే మూర్ఛకు, గుండె జబ్బుకు చేయకపోవడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

ఇలాంటి ప్రయత్నం మనకంటే ముందు చేసినవాళ్ల అనుభవం ఒకటి చెబుతాను. అమెరికాలో పంటల వెంట రాష్ట్రాలు తిరిగే కూలీల పిల్లల కోసం 1966లో ప్రత్యేక విద్యా కార్యక్రమం పెట్టారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే అర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ కేంద్రంగా ఒక పెద్ద కంప్యూటర్‌లో ఆ పిల్లల చదువు, ఆరోగ్య వివరాలు రెండూ దాచే విధానం మొదలైంది. ఆ కాలానికి అది గొప్ప ఆలోచన. ఇరవై ఏళ్లకు పైగా నడిచాక 1990ల మధ్యలో దాన్ని మూసేశారు. రికార్డులు అసంపూర్ణంగా ఉన్నాయని, పిల్లవాడు వెళ్లిపోయాక చేరుతున్నాయని, ఉపాధ్యాయులు వాటిని పెద్దగా వాడడం లేదని విమర్శలు వచ్చాయి. 2007లో మరో విధానం తెచ్చారు. అందులో కేంద్రం కొత్తగా పిల్లల వివరాలు రాయించదు, రాష్ట్రాల దగ్గర ఉన్న వాటినే కలుపుతుంది. పిల్లవాడు మారాడన్న కబురు అందాక పాత రాష్ట్రం 4 పనిదినాల్లో వివరాలు సరిచేసి పెట్టాలని 2016లో నియమం పెట్టారు. దీని నుంచి నేను తీసుకునేది ఇది: ఎక్కువ వివరాలు సేకరించాలన్న ఆశతో మొదలుపెడితే ఏదీ సమయానికి అందదు. ఎవరు, ఎన్ని రోజుల్లో పంపాలో తేల్చి రాస్తేనే కాగితం కదులుతుంది.

మన దేశంలోనే మహారాష్ట్రలో చెరకు కోతకు వెళ్లే కుటుంబాల పిల్లల చేతికి సొంత బడి ఒక హామీ పత్రం ఇస్తుంది. గుజరాత్‌లో మైగ్రేషన్ కార్డు ఇస్తారు. వలస పోయిన చోటి బడి ఆ కార్డు చూసి చేర్చుకుంటుంది. మన రాష్ట్రంలోనూ ఇది చేయవచ్చు. చేయవలసింది ఒక్క పేజీ. అటు ఇటు రెండు వైపులా అచ్చు వేసిన ఒకే పేజీ, ఒక వైపు చదువు, ఒక వైపు ఆరోగ్యం. తడిస్తే పాడవకుండా లామినేషన్ చేసి తల్లి చేతికి ఒకటి. అదే పేజీ ఫొటో తీసి అవతలి మండల విద్యాధికారికి, పీహెచ్‌సీకి ఒకటి.

చదువు వైపు ఏం రాయాలన్న దాని మీద మాత్రం కొంచెం ఆగి మాట్లాడతాను, ఎందుకంటే మనం సాధారణంగా రాసేది అవతలివాళ్లకు పనికిరాదు. మూడో తరగతి, తెలుగులో బి గ్రేడు, గణితంలో సి గ్రేడు అని రాస్తే గుంటూరు టీచరుకు ఏం అర్థమవుతుంది? దానికి బదులు ఇలా రాయండి: గుణింతాలు వచ్చు, ఒత్తులున్న మాటల దగ్గర ఆగిపోతాడు, చిన్న వాక్యం చూసి రాయగలడు, సొంతంగా రాయలేడు, రెండంకెల కూడిక చేస్తాడు, తీసివేతలో పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రాదు, ఎక్కాలు మూడు దాకా వచ్చు, ఇంట్లో కన్నడం కలిసిన మాట మాట్లాడతారు, నెమ్మదిగా చెబితే అర్థం చేసుకుంటాడు, ఎడమ చెవి సరిగా వినపడదు, ముందు వరసలో కూర్చోబెట్టాలి. ఇవి రాయడానికి ఒక పిల్లవాడికి పది నిమిషాలు పడుతుంది. గుంటూరు వైపు టీచరుకు ఇది చేతిలో ఉంటే మర్నాడే ఒత్తులతో, అప్పు తీసివేతతో మొదలుపెట్టవచ్చు. ఉన్న రెండు నెలల్లో ఆ రెండూ నేర్పి పంపినా ఆ పిల్లవాడికి ఆ ఏడాది మిగులుతుంది.

ఈ పేజీ పనిచేయాలంటే రోలు సమస్య తీరాలి. పేరు సొంత బడి రోలులోనే ఉంచి, వలస వచ్చిన చోటి బడిలో అతిథి విద్యార్థిగా హాజరు వేసి, ఆ హాజరును సొంత బడి హాజరుగా లెక్కించే వీలు హాజరు యాప్‌లో ఇవ్వాలి. అప్పుడు ఊరి బడికి పోస్టు భయం ఉండదు, తల్లికి పథకం భయం ఉండదు, ఇక్కడి బడికి మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు అదనంగా వస్తాయి. ఇది జిల్లా స్థాయిలో తేలేది కాదు, పాఠశాల విద్యాశాఖ ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు కోసం మనం కలిసి రాతపూర్వకంగా అడగాలని నా అభిప్రాయం.

ఇక ఆరోగ్యం వైపు. టీకాల తేదీలు, బరువు, ఎత్తు, రోజూ వేసుకునే మందు ఉంటే దాని పేరు, మోతాదు, ఏ మందు పడదు, ఏ ఆసుపత్రికి ఎందుకు రాసిచ్చారు. అంతకు మించి వద్దు. పీహెచ్‌సీకి తెలిసినదంతా టీచరుకు తెలియవలసిన పని లేదు. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, కళ్లజోడు ఉందని టీచరుకు తెలిస్తే చాలు. హెచ్ఐవీ ఉన్న సంగతి అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 చట్టం ప్రకారం నిషేధం. అది ఈ పేజీలోకి ఏ రూపంలోనూ, ఏ సంకేతంతోనూ రాకూడదు. 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారం వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్న సూత్రాన్ని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పెట్టింది. చదవడం రాని తల్లి దగ్గర వేలిముద్ర వేయించుకుని సమ్మతి తీసుకున్నాం అనుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ పేజీ ఆమెకు చదివి వినిపించాలి. ఒద్దన్న వాక్యం కొట్టేయాలి. అడ్వాన్సు ఎంత, మేస్త్రీ ఎవరు, పిల్ల చేలో పనిచేసిందా లేదా అన్న వివరాలు దీనిలో అసలు ఉండకూడదు. బాలకార్మిక నిరోధం అవసరమైన పనే. కానీ దాని తనిఖీకి ఈ పేజీని వాడతారన్న అనుమానం ఒక్కసారి డేరాల్లో పాకితే తల్లులు పిల్లలను మనకు చూపించరు, మూర్ఛ ఉన్న పిల్లవాడు కూడా ఆ దాగినవాళ్లలోనే ఉంటాడు.

గుంటూరు వైపు వాళ్లకు ఒక సూచన. డేరాలు ఎక్కడ పడ్డాయో బడికి తెలియకపోవచ్చు, పీహెచ్‌సీకి తెలుసు. పల్స్ పోలియో రోజుల నుంచి ఇటుక బట్టీలు, నిర్మాణ స్థలాలు, వలస కూలీల డేరాలను ప్రత్యేకంగా గుర్తించి సూక్ష్మ ప్రణాళికలో రాసుకోవడం మన ఏఎన్ఎంలకు అలవాటైన పని. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. దాని వెనక ఇలాంటి జాబితాల కష్టం చాలా ఉంది. ఆ జాబితానే జనవరి మొదటి వారంలో దగ్గరి ప్రాథమిక బడికి ఇస్తే టీచరు డేరాల దగ్గరికి వెళ్లి పిల్లలను పిలుచుకు రాగలరు. అమరావతి పనుల కోసం వచ్చిన బిహార్, బెంగాల్ కుటుంబాల దగ్గర, ఒడిశా నుంచి వచ్చిన ఇటుక బట్టీల దగ్గర ఈ పేజీ వేరే భాషలో ఉండాలి, రెండు రాష్ట్రాలు మాట్లాడుకోవాలి. అది పెద్ద పని, దానికి సమయం పడుతుంది. కర్నూలు, గుంటూరు మధ్య రాష్ట్రం ఒకటే, శాఖలు ఒకటే, భాష ఒకటే. ఇక్కడ ఆలస్యానికి కారణం చూపడం కష్టం.

కాలం విషయంలో నా ప్రతిపాదన ఇది. దసరా సెలవులకు ముందే కర్నూలు వైపు బడులు, కిందటేడు ఎవరు వెళ్లారో చూసి, ఆ పిల్లల చదువు వైపు పేజీ నింపాలి. తరగతి టీచరుకు ఆ పేర్లు నోటికి వచ్చు. అదే వారంలో ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు ఆరోగ్యం వైపు నింపి, మూర్ఛ లాంటి మందులు మూడు నెలలకు సరిపడా ఇచ్చే విషయం డాక్టరుతో మాట్లాడాలి. కుటుంబం బయలుదేరే రోజు మేస్త్రీకి ముందే తెలుసు కనుక అతన్ని అడగడానికి మొహమాటపడకండి. ఇక్కడి బడి ఉగాదికి ముందు అదే పేజీ కింద రెండు మూడు వాక్యాలు రాసి, ఏం నేర్పారో, ఎన్ని రోజులు వచ్చాడో, ఏ టీకా వేశారో చేర్చి, తిరుగు ప్రయాణానికి ముందు తల్లి చేతికి ఇవ్వాలి.

నమూనా పేజీ మీ కుర్చీల మీద ఉంది. చదువు వైపున ఏడు గళ్లు ఉన్నాయి, అవి ఎక్కువ అనిపిస్తే ఏవి తీసేయాలో ఈ మధ్యాహ్నం కోసిగి, ప్రత్తిపాడు బృందాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చాలని కోరుతున్నాను. ఆరోగ్యం వైపున మందు మోతాదు గడి చిన్నదయిందని ఒక ఏఎన్ఎం ఇప్పుడే చీటీ పంపారు. ఆ గడిని పెంచుదాం. నమస్కారం.